ఎర్ర డబ్బా

షెడ్డులో నన్ను జపాన్ అనేవారు. ఆ పేరు పెట్టింది సత్యారావు. లేతు మిషన్ల మీద పనిచేసేవాళ్ళందరికీ అతనే పెద్ద. సాయంత్రం చేతులు కడుక్కుంటూ నా బల్ల దగ్గర ఆగేవాడు.

"ఏటి జపానూ, ఈరోజు ఎన్ని తలకాయలు తీసినావు?"

"పదకొండు."

"పదకొండే? ఒంట్లో బాలేదేటి?"

వెనక నలుగురు నవ్వేవారు. నేను తలెత్తేవాణ్ణి కాదు. వాళ్ళు చేసిన బ్రాకెట్లని ఒక్కొక్కటిగా గేజ్ పెట్టి చూడడం నా పని. అరచేతిలో ఇమిడే ఇనప ముక్కలవి. ఒక్కోదానికి రెండు రంధ్రాలు. గేజ్ ఒక కొన దూరాలి, రెండో కొన దూరకూడదు. దూరాల్సింది దూరకపోయినా, దూరకూడనిది దూరినా దాని మీద ఎర్ర రంగు చుక్క పెట్టి పక్కనున్న ఎర్ర డబ్బాలో వేసేవాణ్ణి. పదకొండేళ్ళు అదే చేశాను. పని చేసినవాడికి ఆ ముక్క లెక్కలోకి రాదు. అందుకని నన్నెవరూ టీకి పిలిచేవారు కాదు. పిలిస్తే వెళ్ళేవాణ్ణో లేదో నాకూ తెలియదు.

భిలాయి పక్కన హథ్‌ఖోజ్‌లోని ఆ షెడ్డు మా బావ గురునాథరావుది. ఆయన్ని నేను ద్వేషించాను. దానికి చెప్పుకోదగ్గ కారణం లేకపోవడమే నా కష్టం. ఆయన నన్ను కొట్టలేదు, మోసం చెయ్యలేదు. మా నాన్న భిలాయి ఉక్కు ప్లాంటు వాళ్ళ నందిని సున్నపురాయి గనిలో పనిచేస్తూ పోయాడు. ఆ ఉద్యోగం నాకిస్తామని పిలిచారు. భూగోళశాస్త్రంలో డిగ్రీ ఉన్నవాణ్ణి, బల్లకి అవతల ముగ్గురు కూర్చుని నా పేరు అడిగితే నోరు పెగల్లేదు. రెండు నిమిషాలు వాళ్ళు నన్ను చూశారు, నేను బల్ల మీది గాజు పలకలో ఫ్యాను తిరగడం చూశాను. బయట వరండాలో చుట్టాలందరి ముందూ బావ నా భుజం మీద చెయ్యేసి అన్నాడు: "పోన్లెండి. ఈడికి మాట రాదు. ఈణ్ణి నేను సూసుకుంటాను."

చూసుకున్నాడు కూడా. పని ఇచ్చాడు. మా అక్క రజనీకుమారి ప్లాంటు స్కూల్లో టీచరు. సెక్టర్ 7లో ఆమె పేరు మీదున్న క్వార్టరు నుంచి రోజూ నాకు కేరేజీ పంపించేవాడు. ఆ చెయ్యి పదకొండేళ్ళుగా నా భుజం మీదే ఉంది. మనిషి తనని గాయపరిచినవాణ్ణి మర్చిపోగలడు. తన చేతకానితనాన్ని పదిమంది ముందు పైకి చెప్పి, ఆ తర్వాత దయగా ఉన్నవాణ్ణి ఏం చెయ్యాలి?

నేను వెళ్ళిపోయాక ఆయన ఎర్ర డబ్బా దగ్గరికొచ్చి, "ఇదేటి, ఎంట్రుకవాసి తేడా, చల్‌తా హై" అంటూ నాలుగైదు ముక్కలు తీసి, కిరోసిన్ గుడ్డతో ఎర్ర చుక్క తుడిచి, మంచి వాటిలో కలిపేస్తాడని నాకు తెలుసు. ఆ గుడ్డ మర్నాడు నా బల్ల కిందే ఉండేది. దాచాలన్న ఆలోచన కూడా ఆయనకి వచ్చేది కాదు.

నా గదిలో రెండు పటాలుండేవి, జపాన్‌ది ఒకటి, కొరియాది ఒకటి. షెడ్డులో నా పేరు అక్కణ్ణుంచే వచ్చింది. వాటిని ఇష్టంతో అంటించలేదు. "మనోళ్ళ వల్ల కాదురా" అని బావ రోజూ అనే మాటకి జవాబు వెతుకుతూ చదవడం మొదలుపెట్టాను. ముప్పావు వంతు కొండలే ఉన్న దేశం జపాన్. సముద్రం పక్కన సన్నటి పట్టీ లాంటి నేల మీద జనమంతా భుజాలు రాసుకుంటూ బతుకుతారు. వాళ్ళకి చెప్పుకోదగ్గ ఇనపరాయి లేదు. అందుకే ఉక్కు కార్ఖానాల్ని ఓడ ఆగే చోటే కట్టుకున్నారు. రాయి మాత్రం మన బస్తరు కొండల నుంచి కూడా వెళ్ళేది. బైలడిల్లాలో తవ్వి, రైల్లో విశాఖపట్నం చేర్చి, ఓడకెక్కించేవారు. మా నాన్న లాంటివాళ్ళు విజయనగరం వైపు నుంచి ఉక్కు చెయ్యడానికి పడమరకి వచ్చారు. బస్తరు అడవిలోంచి రాయి తూర్పుకి పోయింది. ఈ సంగతి అక్కతో చెబితే, "అయితే?" అంది. అయితే ఏమీ లేదు. నాకు మాత్రం చాలా రోజులు నిద్ర పట్టలేదు.

కొరియా ఇంకా బాధపెట్టింది. భిలాయిలో మొదటి కొలిమి వెలిగి కొన్నేళ్ళయినా అక్కడ ఆడవాళ్ళు విగ్గుల కోసం జుట్టు అమ్ముకుంటున్నారు. వాళ్ళ ఉక్కు కార్ఖానా వచ్చిన చోట అప్పటికింకా ఇసుక, వలలు, జాలరుల గుడిసెలే. మాకంటే పద్నాలుగేళ్ళు వెనక మొదలుపెట్టి మమ్మల్ని దాటిపోయారు. ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేసి నగరాలకి నడిచారు. దేశంలో దాదాపు నలుగురిలో ఒకడు ఒక్క సియోల్‌లోనే ఉంటాడట. గోడల మీద పెద్ద అంకెలు రాసిన ఒకేలాంటి మేడల్లో.

తొంభై ఏడు వేసవిలో మా బావకి ఒక కబురొచ్చింది. దక్షిణాదిలో కార్ల కార్ఖానా పెడుతున్న ఒక కొరియా కంపెనీ బ్రాకెట్లు చేసే చిన్న షెడ్ల కోసం వెతుకుతోంది. ఆగస్టులో వాళ్ళ మనిషి చూడ్డానికి వస్తాడు. అప్పటికే షెడ్డులో ఆరు మిషన్లలో రెండు గుడ్డ కప్పుకుని ఉన్నాయి. ఈ ఆర్డరు రాకపోతే మిగతావీ కప్పుకోవాల్సిందే. అది అందరికీ తెలుసు.

నాకు ఇంకొకటి తెలుసు. వచ్చే మనిషి ఎర్ర డబ్బా చూస్తాడు.

మూడు నెలలు దానికోసమే పనిచేశాను. బావ చెయ్యి పడకుండా డబ్బాకి తాళం వేశాను. చెడిన ముక్కల్ని కారణాల వారీగా వేరు చేశాను. సోమవారం పొద్దున్న మొదటి గంటలో చెడినవి ఒక వరస. మూడో మిషను మీద మధ్యాహ్నం వేడెక్కాక చెడినవి ఇంకో వరస. ఒక్కోదానికి దారంతో చీటీ కట్టాను. వాటిని పేర్చి చూస్తే షెడ్డు లోపలి మనసు కనిపించేది, ఎక్కడ అలిసిపోతుందో, ఎక్కడ అబద్ధమాడుతుందో. జీవితంలో ఒక్కసారి ఒక్క మనిషి దాని ముందు కూర్చుని, అవును, నువ్వు చూసింది నిజమే అంటాడనుకున్నాను. అంతకంటే నేనేమీ కోరలేదు.

అతను రావడానికి ముందు రోజు షెడ్డుకి సున్నం కొట్టారు. దారి పక్కన ఇటుకలకి ఎర్రటి గేరుమట్టి పూశారు, ప్లాంటులో పెద్ద అధికారి వస్తే పూసినట్టే. వాన పడి ఆ ఎరుపు దారంతా కారుతోంది. బావ లుంగీ ఎగ్గట్టుకుని అన్నీ చూసుకుంటూ నా బల్ల దగ్గరికొచ్చాడు.

"ఒరే యుగంధర్, రేపు ఈ డబ్బా ఇక్కడ కనపడకూడదు."

"అతను చూసేది ఇదే బావా."

"ఎవడు సెప్పినాడు నీకు?"

"వాళ్ళ పద్ధతి అది. చెడ్డవి ఎందుకు చెడ్డాయో తెలిసినవాడినే నమ్ముతారు."

బావ పకపకా నవ్వాడు. "పెళ్ళిచూపులకి ఒచ్చినోడికి పిల్ల ఒంటి మీద మచ్చలు సూపిస్తామేట్రా? ఎవలైనా సూపిస్తారా?"

"జపాన్‌కి పెళ్ళి కాలేదు కదా సాబ్, ఆ సంగతులు ఎలాగ తెలుస్తాయి!" అన్నాడు సత్యారావు. అందరూ నవ్వారు. మా బావ నవ్వుతూనే నా జేబులోంచి తాళంచెవి తీసుకున్నాడు. చిన్నపిల్లాడి జేబులోంచి తీసుకున్నట్టు.

సత్యారావూ ఇంకొకడూ డబ్బా ఎత్తుకెళ్ళి షెడ్డు వెనక వాననీళ్ళు నిండిన గోతిలో కుమ్మరించారు. మూడు నెలలు బుడబుడమంటూ మునిగిపోయాయి. చీటీలు కాసేపు తేలాయి. ఒక్క ముక్క మాత్రం గోతి గట్టున పడి ఉంది. అది సోమవారం వరసలోది. ఎర్ర చుక్క మీద బురద తుడిచి జేబులో వేసుకున్నాను.

మర్నాడు పొద్దున్న రాయపూర్ విమానాశ్రయానికి నన్నే పంపారు. ఇంగ్లీషు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. వచ్చినాయన పేరు చొయ్. నలభై అయిదేళ్ళుంటాయి, సన్నగా ఉన్నాడు, చేతిలో చిన్న పుస్తకం. ఇద్దరిదీ అరకొర ఇంగ్లీషే కావడం వల్ల నా నోరు కొంచెం విచ్చుకుంది.

టిఫినుకి అక్క ఇంటికి తీసుకెళ్ళమన్నాడు బావ. సెక్టర్లలోంచి కారు వెళుతుంటే చొయ్ కిటికీ అద్దం దించాడు. ఒకే ఎత్తు, ఒకే రంగు, నంబర్లు వేసిన క్వార్టర్లు వరసగా వెనక్కి పోతున్నాయి.

"మా దగ్గరా ఇంతే," అన్నాడు. "కాకపోతే పైకి పద్నాలుగంతస్తులు. పిల్లలు ఇల్లు గుర్తుపట్టేది నంబరుతోనే."

"మీ ఊరు?"

"సముద్రంలోకి వెళ్ళిపోయింది. అంటే, దాని మీద ఉక్కు కార్ఖానా కట్టారు. మా నాన్న చేపలు పట్టేవాడు. ఇల్లున్న చోట ఇప్పుడు బొగ్గు కుప్ప." దూరంగా పొగగొట్టాల వైపు చూపించి అన్నాడు: "మీ కార్ఖానా మాకంటే పెద్దది వయసులో."

"పద్నాలుగేళ్ళు," అన్నాను.

అతను నన్ను కొత్తగా చూశాడు. అక్క వడ్డించిన ఉప్మా తింటూ తన సంగతి చెప్పాడు. వాళ్ళ అక్క పదిహేనో ఏట సియోల్ వెళ్ళి చొక్కాలు కుట్టింది. ఆ కష్టంతోనే అతను ఇంజనీరయ్యాడు. అక్క చూపు మాత్రం పోయింది. మొదట్లో అతనికి పని నేర్పింది జపాన్ వాళ్ళు. ఒకప్పుడు కొరియాని ఏలి, అతని తండ్రి చిన్నప్పుడు బళ్ళో సొంత పేరు పలికితే కొట్టిన జాతి.

"నేర్పినాయన్ని రోజూ ద్వేషించాను," అన్నాడు మామూలుగా. "ఒకరోజు, చెడ్డవి పట్టుకురా అన్నాడు. కోపంతో మొత్తం తెచ్చి అతని బల్ల మీద కుప్పపోశాను. చీకటి పడేదాకా ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. పక్కన నన్ను కూర్చోబెట్టుకుని. అతను చెప్పిన ప్రతి మాటా రాసుకున్నాను. ద్వేషం తగ్గలేదు. పని వచ్చింది."

నా తొడకి ముక్క గుచ్చుకుంటోంది. ఆ క్షణంలో తీసి చూపించి ఉండొచ్చు. చూపిస్తాను, షెడ్డులో అడిగినప్పుడు, బావ ముందు చూపిస్తాను అనుకున్నాను. నాకు కావలసింది చొయ్ చూడడం ఒక్కటేనా, బావ మొహం కూడానా అన్నది అప్పుడు నన్ను నేను అడగలేదు.

షెడ్డు గుమ్మంలో చొయ్ మెళ్ళో బంతిపూల దండ వేశారు. సత్యారావు మనుషులందరూ కొత్త నీలం చొక్కాల్లో పెళ్ళివారిలా నిలబడ్డారు. గేరు నీళ్ళు తగిలి చొయ్ బూట్లు ఎర్రబడ్డాయి. అతను మిషన్ల వైపు రెండు నిమిషాలు చూసి తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చాడు. గేజ్ తీసి కొన వేలితో తడిమాడు, అరిగిందేమో అని. తర్వాత, దాచాలని ఎవరికీ తోచని చిన్న రంగు డబ్బా కనిపించింది. అందులో కుంచె.

"ఈ ఎర్ర రంగు దేనికి?"

బావ ముందుకొచ్చాడు. "పెయింటింగ్ సార్. డెకరేషన్."

"చెడినవి ఎక్కడ పెడతారు?"

"జీరో సార్! అంతా ఓకే. హండ్రెడ్ పర్సెంట్ ఓకే."

చొయ్ ఆయన వైపు చూడలేదు. నా వైపు తిరిగాడు. "పరీక్షించేది నువ్వు కదా. నువ్వు చెప్పు. ఎన్ని?"

బల్లకి అవతల మనిషి. ప్రశ్న. వెనక అందరూ. పదకొండేళ్ళ కిందటి గది మళ్ళీ వచ్చింది. కానీ ఈసారి నోరు పెగలకపోవడం లేదు. జేబులో చెయ్యి ముక్క మీద ఉంది. తీసి బల్ల మీద పెడితే ఏమవుతుందో స్పష్టంగా కనిపించింది. బావ మొహం మాడుతుంది, చొయ్ కూర్చుంటాడు, చీకటి పడేదాకా మాట్లాడుకుంటాం, ఆర్డరు వస్తుంది. షెడ్డు బతుకుతుంది. బావ అందరితో, మా బామ్మర్ది వల్లే అని చెప్పుకుంటాడు. మళ్ళీ నా భుజం మీద చెయ్యి వేస్తాడు.

ఏం చెబితే ఆయన మునిగిపోతాడో కూడా అంత స్పష్టంగానే కనిపించింది.

"జీరో సార్," అన్నాను. తడబడలేదు. నా గొంతు నాకే బాగుందనిపించింది.

చొయ్ పుస్తకం మూసేశాడు. టీ తాగాడు, ఒక బిస్కట్టు తిన్నాడు, బావ చేతిని రెండు చేతులతో పట్టుకుని తల వంచాడు. బావకి అది ఆర్డరు వచ్చేసినట్టే కనిపించింది.

తిరుగు దారిలో చొయ్ కిటికీ అద్దం ఎత్తేశాడు. విమానాశ్రయంలో దిగాక ఒక్కటే అడిగాడు.

"నీ జేబులో ఏముంది?"

"తాళాలు," అన్నాను.

సరేనన్నట్టు తలూపి లోపలికి వెళ్ళిపోయాడు.

దసరాల ముందు, ఆర్డరు ఇవ్వలేమని మూడు వాక్యాల ఉత్తరం వచ్చింది. కారణం రాయలేదు. దీపావళికి ఇంకో మూడు మిషన్లు గుడ్డ కప్పుకున్నాయి. అయిదుగురిని పంపేశారు. అందులో సత్యారావు ఒకడు. వెళ్ళేటప్పుడు నా బల్ల దగ్గరికొచ్చాడు. నేను తల దించుకున్నాను.

"నీ తప్పేటుంది భయ్యా," అన్నాడు. "నువ్వూ మా మాటే సెప్పినావు. ఆరోజు నువ్వు అంతా బైట పెట్టేస్తావని భయపడిపోనాను. ఊరికినే జపాన్, జపాన్ అని ఏడిపించినాం నిన్ను."

మొదటిసారి నన్ను టీకి పిలిచాడు. వెళ్ళాను. గేటు బయట బండి దగ్గర నిలబడి ఇద్దరం తాగాం. అతను దుర్గ్‌లో ఆటో నడుపుతానన్నాడు. డబ్బులు అతనే ఇచ్చాడు.

అంతకంటే ఘోరం బావ. ఉత్తరం చూసి రెండు రోజులు మంచం దిగలేదు. మూడో రోజు లేచి నాకు కొత్త చేతిగడియారం కొన్నాడు. ఇంటికి ఎవరొచ్చినా చెప్పేవాడు: "ఆర్డరు పోతే పోయింది. సొంత మనిషంటే ఎవడో ఆరోజు తెలిసింది. ఆ సీనావోడి మొహంలో మొహం పెట్టి సెప్పినాడు, జీరో సార్ అని. మాట రాదనుకున్నాను ఈడికి!" కొరియా అని ఎంత చెప్పినా ఆయన నోట సీనా అనే వచ్చేది. ఆయన్ని ముంచాను. ఆయన మునుగుతూ నన్ను కావలించుకున్నాడు. ద్వేషం తగిలినట్టు అవతలివాడికి తెలియకపోతే అది తిరిగొచ్చి ఎక్కడ కూర్చుంటుందో నాకు ఆ శీతాకాలంలో తెలిసింది. అన్నం దగ్గర, గడియారం తిప్పుకునేటప్పుడు, గేజ్ పట్టుకున్న వేళ్ళలో. చెప్పేద్దామని రోజూ అనుకునేవాణ్ణి. ఆ మాట నాలో తాళం వేసిన డబ్బాలా బరువెక్కింది.

జనవరిలో ఒక ఆదివారం అక్క ఇంట్లో భోంచేసి టీవీ ముందు కూర్చున్నాం. వార్తల్లో కొరియా వచ్చింది. వాళ్ళ డబ్బు విలువ పడిపోయిందట, కంపెనీలు మూతపడుతున్నాయట, దేశాన్ని అప్పులోంచి తేల్చడానికి జనం ఇంట్లో బంగారం తెచ్చి ఇచ్చేస్తున్నారట. చలికోట్లు వేసుకున్న ఆడవాళ్ళు వరసల్లో నిలబడి ఉన్నారు. వాళ్ళలో చూపు పోయిన చొయ్ అక్క ఉందేమో అని, నల్లకళ్ళద్దాల ఆమె కోసం చూశాను.

బావ తొడ చరుచుకున్నాడు. "సూసినావా! ఆళ్ళే మునిగిపోయినారు. ఆ ఆర్డరు ఒచ్చుంటే మనమూ పోయేవోళ్ళం. మంచిదే అయింది. నువ్వు సెప్పిందే మంచిదైంది!" ఆ సంతోషంతో చుట్ట ముట్టించుకోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.

గడియారం తీసి జేబులో పెట్టుకోబోయాను. ఎందుకు తీశానో తెలియదు. జేబులో ఉన్న ఆ ముక్క కింద పడింది. సిమెంటు నేల మీద రెండుసార్లు మోగింది.

అక్క వంగి తీసింది. ఎర్ర చుక్క మీద బొటనవేలితో రుద్దింది. పాతికేళ్ళు పిల్లల పరీక్ష కాగితాలు దిద్దిన మనిషికి ఎర్ర గుర్తంటే ఏమిటో చెప్పక్కర్లేదు.

"ఆరోజు ఇది నీ దగ్గరే ఉందా?"

"ఉంది."

"భయపడ్డావా?"

"లేదు."

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఇంటర్వ్యూ గదిలో ముగ్గురు చూసినట్టు కాదు, గేజ్ పెట్టి చూసినట్టు.

"ఆయన మునిగిపోవాలనా?" అంది నెమ్మదిగా.

తలూపాను. ఊపగానే ఒళ్ళు తేలికైంది. "బావకి చెప్పేస్తాను అక్కా. ఇప్పుడే చెబుతాను."

"చెప్పవు."

"నేను భరించలేను."

"భరించు. చెప్పేస్తే ఏమవుద్దో నాకు తెలీదా? ఆయన నాలుగు తిట్లు తిడతాడు, ఒక రోజు అన్నం మానేస్తాడు, మూడో నాడు మళ్ళీ నీకు కేరేజీ పంపిస్తాడు. నువ్వు కడిగేసుకుంటావు. ఆయనకి ఏం మిగుల్తుంది? షెడ్డు పోయింది. నువ్వొక్కడివి మిగిలావని బతుకుతున్నాడు. దాన్ని కూడా ఆ గోతిలో పడేస్తావా?" ముక్కని నా అరచేతిలో పెట్టి వేళ్ళు ముడిచింది. "నువ్వంటే నాకు అసహ్యంగా ఉంది. అది నా దగ్గర ఉంటుంది. ఇది నీ దగ్గర ఉంచుకో."

బావ చుట్ట వాసనతో లోపలికొచ్చాడు. "ఏటి, అక్కా తమ్ముడూ గుసగుసలు? ఏదో పడినట్టుంది?"

"తాళాలు," అంది అక్క.

"జాగర్తరా. పారేసుకుంటావు," అని నా పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేశాడు. టీవీలో ఒకామె ఉంగరం తీయబోతోంది. వేలు లావెక్కి అది రావడం లేదు. బల్ల వెనకున్న అమ్మాయి సబ్బునీళ్ళ గిన్నె ఇచ్చింది. ఆమె వేలు ముంచి, తిప్పుతూ, సిగ్గుగా నవ్వుతూ, మళ్ళీ లాగుతోంది.

"ఒస్తాదొస్తాది," అన్నాడు బావ ఉత్సాహంగా.